అందరి ముందు తిట్టే మేనేజరు: మానేయాలా, మానేస్తే ఎప్పుడు, ఎలా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా. భీమవరం పక్కన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మీరు సరుకు నాణ్యత చూసే క్యూసీ సూపర్‌వైజరు. సర్వీసు నాలుగేళ్ళ పది నెలలు, జీతం 19,500. కొత్త ప్రొడక్షన్ మేనేజరు వచ్చిన ఏడు నెలల నుంచీ రొయ్యల పొట్టు తీసే పీలింగ్ హాల్లో అందరి ముందూ కేకలు, రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిట్లు. మీకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు, ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపులో మెలిపెడుతోంది. ఇంట్లో అత్తగారూ భర్తా ‘ఉద్యోగమన్నాక నాలుగు మాటలు పడాలి’ అంటున్నారు. ‘నేనే మరీ సున్నితమా? మానేయాలా?’ అని మీరు అడిగారు.

సున్నితం కాదండి. మానేయాలి కూడా. కానీ ఈ వారం కాదు. ఐదేళ్ళు నిండితేనే గ్రాట్యుటీ (సర్వీసుకు లెక్కగట్టి వెళ్ళేటప్పుడు ఇచ్చే డబ్బు) పేచీ లేకుండా వస్తుంది. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, ఈలోగా మరో ఉద్యోగం వెతుక్కుని, రావలసినవన్నీ రాబట్టుకునేలా కాగితాలు సర్దుకుని వెళ్ళండి. ఆ రెండు నెలలు ఆగకుండా వెంటనే బయటికి రావలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

‘నేనే సున్నితమా’ అన్నదానికి జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. గట్టిగా పని చేయించే మేనేజరుకీ మనిషిని తొక్కే మేనేజరుకీ తేడా గొంతు స్థాయిలో ఉండదు. ‘ఈ ట్రేలో ఐసు తక్కువైంది, సరుకు ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది, ఎందుకు చూడలేదు?’ అని అరిచినా అది పని మీద మాట. ఏం సరిచేయాలో అందులో ఉంది, సరిచేస్తే ఆగుతుంది. ‘నీ మొహానికి ఉద్యోగం ఎవడిచ్చాడు’ అన్నది మనిషి మీద మాట. దానికి మీరు సరిచేయగలిగింది ఏమీ లేదు, కాబట్టి ఆగదు. స్వీడన్‌లో ఈ విషయాన్ని మొదట పద్ధతిగా పరిశీలించిన హైన్జ్ లేమాన్ ఒక కొలత పెట్టుకున్నారు: వారానికి కనీసం ఒకసారి, కనీసం ఆరు నెలల పాటు. మీది ఆ గీత దాటింది. అది పరిశోధన కోసం గీసుకున్న గీత మాత్రమే; మూడో నెలలో ఉన్నవాళ్ళు ఆరు నెలలు నిండేదాకా ఆగక్కర్లేదు.

ఒంటికి ఇంత దెబ్బ ఎందుకు తగులుతుందంటే, తిట్టు ఐదు నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని తలలో తిప్పుకోవడం మాత్రం రాత్రంతా సాగుతుంది. మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం ఇంకా చెడ్డది. రోజూ పది గంటలకు తిడతాడని తెలిస్తే మిగతా రోజు కాస్త తేలిగ్గా ఉంటారు. ఎప్పుడో తెలియనప్పుడు ఫోను మోగిన ప్రతిసారీ ఒళ్ళు బిగుసుకుంటుంది. విశ్రాంతి దొరకాల్సిన గంటల్లో కూడా శరీరం కాపలా కాస్తూ ఉంటుంది. నిద్ర చెడుతుంది, దాని వెనకే ఆకలి, ఓపిక పోతాయి, ఇంట్లో పిల్లల మీద విసుగు మొదలవుతుంది. హెర్ష్‌కోవిస్, బార్లింగ్ అనే పరిశోధకులు 2010లో ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి చూస్తే, తోటి ఉద్యోగుల దురుసుతనం కంటే పై అధికారి దురుసుతనమే ఎక్కువ దెబ్బ తీస్తుందని తేలింది. పక్క టేబులువాడు తిడితే మీకు ఒక శత్రువు ఉన్నట్టు. మేనేజరు తిడితే షిఫ్టు, సెలవు, ఇంక్రిమెంటు అన్నీ ఆ శత్రువు చేతిలో ఉన్నట్టు.

అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇంకొకటి. బెనెట్ టెప్పర్ 2000లో అమెరికాలో అచ్చయిన అధ్యయనంలో తిట్టే అధికారుల కింద పనిచేసేవాళ్ళను పరిశీలించారు. అలాంటిచోట ఉద్యోగం వదిలేసేవాళ్ళు ఎక్కువ. వదలకుండా ఉండిపోయినవాళ్ళలో పని మీదా బతుకు మీదా తృప్తి తగ్గింది, ఇంటికీ పనికీ మధ్య గొడవ పెరిగింది, మనసు కుంగింది. వేరే ఉద్యోగానికి మారే వీలు తక్కువ ఉన్నవాళ్ళకు ఈ దెబ్బ చాలావరకు మరింత గట్టిగా తగిలింది. కాబట్టి వెళ్ళే దారి ఏర్పాటు చేసుకోవడమే వైద్యంలో సగం అని నా అభిప్రాయం. చేతిలో ఆఫరు ఉన్న మనిషిని అవే తిట్లు అంతగా కోయవు.

మన గోదావరి డెల్టాలో ఆ దారి ఇరుకు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల ఉద్యోగాలు తెలిసినవాళ్ళ మాట మీద నడుస్తాయి. ప్లాంటు యజమానులు ఒకరికొకరు తెలుసు, కొందరు చుట్టాలు. మీకు ఉద్యోగం ఇప్పించిన పెదనాన్నగారి స్నేహితుడి మొహం చూడాల్సి వస్తుందని చాలామంది నోరు మూసుకుంటారు. అడ్వాన్సు తీసుకున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పు ఉంటే అప్పు వసూలు చేసుకునే దారి యజమానులకు ఉంది. అప్పు పేరుతో మనిషిని పని వదలనివ్వకపోవడం మాత్రం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం.

పీలింగ్ టేబుళ్ళ దగ్గర ఉండే అక్కలకు ఈ ఇరుకు కొంచెం తక్కువ. వాళ్ళు రాజీనామాలు రాయరు. ఊళ్ళోంచి వచ్చే వ్యాను మర్నాడు ఇంకో ప్లాంటు గేటు ముందు ఆగుతుంది, అంతే. పట్టుబడుల సీజన్లో ఇది జరిగితే ‘కూలీలు దొరకడం లేదు’ అంటారు గానీ ఎందుకు దొరకడం లేదో ఎవరూ లెక్కేయరు. మీలాంటి నెలజీతం వాళ్ళ వెళ్ళిపోవాలన్న కోరిక అలా ఒక్కరోజులో బయటపడదు. ముందు సెలవులు పెరుగుతాయి, తర్వాత ‘అడిగినంతవరకే’ పని, ఆ తర్వాత తప్పు కనబడినా చెప్పకపోవడం.

ఆ చివరిది క్యూసీలో ప్రమాదం. నీలం రంగు కోటు వేసుకున్న యాభై మంది ముందు క్యూసీని తిడితే, మరుసటి గంటలో ఆ క్యూసీ ‘గ్లవ్స్ మార్చుకోండి’ అంటే ఎవరు వింటారు? సరుకు నాణ్యత పడిపోతుంది, మళ్ళీ తిట్లు. భయపడ్డ మనిషి ఉష్ణోగ్రత షీటులో తప్పిన గడిని ఖాళీగా వదలదు, నాలుగు డిగ్రీలని నింపేస్తుంది. యాంటీబయాటిక్ అవశేషాల కోసం శాంపిలు తీసే దగ్గర కూడా ఇదే జరిగితే కంటైనరు విదేశీ రేవు నుంచి వెనక్కి వస్తుంది. మీ చేత తప్పుడు అంకెల మీద సంతకం పెట్టించే దాకా వస్తే, ఇక రెండు నెలల లెక్క వదిలేయండి. రేపు విచారణ జరిగితే షీటు కింద ఉండేది మేనేజరు సంతకం కాదు, మీది.

వెంటనే బయటికి రావలసిన మిగతా సందర్భాలు: చెయ్యి చేసుకోవడం, లైంగికంగా వేధించడం, ప్రాణానికో కుటుంబానికో బెదిరింపు, మీకు చచ్చిపోవాలన్న ఆలోచనలు రావడం. ఈ చివరిది వస్తే గ్రాట్యుటీ, నోటీసు పీరియడు గురించి ఆలోచించకండి. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఉచితంగా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం చేయాల్సినవి

నిద్ర ముందు. గ్రూపును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మ్యూట్ చేయండి. షిఫ్టు ఇన్‌చార్జికి మాత్రం ‘అత్యవసరమైతే కాల్ చేయండి సార్, మెసేజ్ చూడను’ అని ఒకసారి రాసి పెట్టండి. ఈ మాట రాతలో ఉంటే రేపు ‘రిప్లై ఇవ్వలేదు’ అన్న నెపం నిలబడదు. ఫోను పడగ్గదిలో వద్దు, లేవడానికి పాత అలారం గడియారం పెట్టుకోండి. మధ్యాహ్నం రెండు దాటాక టీ ఆపేయండి. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి కూర్చోండి, మంచం మీదే దొర్లితే మంచం చూస్తేనే మెలకువ వచ్చే అలవాటు పడుతుంది. ఇది చదివే మగవాళ్ళకు ఒక మాట: నిద్ర కోసమని వేసే క్వార్టరు పడుకోబెడుతుంది గానీ తెల్లవారుజామున మూడింటికి లేపేస్తుంది. నిద్ర పట్టలేదని మర్నాడు ఇంకొంచెం ఎక్కువ తాగుతారు.

రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా మనసు బాగోక, దేని మీదా ఆసక్తి లేక, తిండీ నిద్రా చెడితే అది డాక్టరు చూడాల్సిన స్థితి. మీ జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండాలి, స్లిప్పులో 0.75 శాతం కోత ఉందో లేదో చూసుకోండి. ఈఎస్ఐ డాక్టరు విశ్రాంతి అవసరమని సర్టిఫికెట్ ఇస్తే సగటు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. అంతకు ముందరి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మామూలుగా మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. ఈ సెలవు వల్ల సర్వీసు తెగదు, ఐదేళ్ళ లెక్కలో కలుస్తుంది. చాలామంది ఇది తెలియక జీతం లేని సెలవు పెట్టుకుంటారు, లేదా చెప్పకుండా ఆగిపోయి ‘అబ్‌స్కాండింగ్’ నోటీసు తెచ్చుకుంటారు.

తర్వాత నోటుబుక్కు. ఒక్కో సంఘటనకు ఒక్కో పేజీ: తేదీ, టైము, ఎక్కడ, అన్న మాటలు అన్నట్టుగానే, ఎవరెవరు విన్నారు, దానివల్ల ఏ పని ఆగింది. అదే రోజు రాయాలి. నెల తర్వాత కూర్చుని ఒకే పెన్నుతో ఇరవై పేజీలు నింపితే చూసినవాళ్ళకు తెలిసిపోతుంది. ‘మానసికంగా హింసించాడు’ అని రాయకండి, ఏమన్నాడో రాయండి. గ్రూపు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ సొంత మెయిలుకు పంపుకోండి, అసలు ఫోను అమ్మకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి, దానికి అసలు పరికరం ఉంటే మంచిది. కంపెనీ లాగ్‌షీట్లు, బయ్యర్ల వివరాలు మాత్రం ఫొటోలు తీయొద్దు. మీ ఫిర్యాదు పక్కకు పోయి మీ మీద దొంగతనం కథ మొదలవుతుంది.

హాల్లో కేకలు వేస్తున్నప్పుడు ఒకే మాట, తక్కువ గొంతుతో: ‘సార్, తప్పుంటే సరిచేస్తానండి. లైను ముందు వద్దు, క్యాబిన్లో చెప్పండి.’ కొందరు దీంతో తగ్గుతారు. ఇంకా రెచ్చిపోయే రకం అయితే రెండోసారి అనకండి. ఆయన్ను మార్చే పని మీది కాదు.

ఎవరికి చెప్పాలి?

మన వైపు చాలా ప్లాంట్లలో హెచ్ఆర్ అంటే హాజరు, పీఎఫ్ రిటర్నులు చూసే కుర్రాడు. అతనికి చెప్తే మేనేజరుకు చేరుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. యజమాని వినే మనిషైతే నేరుగా చెప్పండి, అయితే బాధ భాషలో కాదు, డబ్బు భాషలో: ఈ ఆరు నెలల్లో ఎంతమంది పీలర్లు మానేశారు, ఎన్ని బ్లాకులు (గడ్డకట్టించిన రొయ్యల దిమ్మలు) మళ్ళీ సరిచేయడానికి రీవర్క్‌కు వెళ్ళాయి, కొత్తవాళ్ళకు నేర్పడానికి ఎన్ని రోజులు పట్టింది. మెయిలు ఒక పేజీ దాటకూడదు. మూడు సంఘటనలు తేదీలతో, ఒక్క కోరిక: ‘సూచనలు లైను బయట ఇప్పించండి’ లేదా ‘నా రిపోర్టింగ్ ప్లాంటు హెడ్‌కు మార్చండి’. నాలుగు కోరికలు పెడితే వాటిలో తేలికైనది తీర్చి చేతులు దులుపుకుంటారు.

మాటల్లో లైంగికమైనది ఏదైనా ఉంటే దారి వేరు, బలమైనది కూడా. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది గానీ అంతకు మించి గానీ ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. విచారణ సమయంలో బదిలీ గానీ మూడు నెలల వరకు సెలవు గానీ అడగొచ్చు. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీ చూస్తుంది. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది, దానికి పోలీస్ స్టేషనే.

మామూలు తిట్లకు మాత్రం మన దగ్గర అంత సూటి చట్టం లేదు. 20 మంది గానీ అంతకు మించి గానీ వర్కర్లు ఉన్నచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతుంది. అయితే సూపర్‌వైజరు పని చేస్తూ నెలకు 18,000 దాటి వేతనం తీసుకునేవాళ్ళు ఆ కోడ్ లెక్కలో ‘వర్కర్’ కారు. ఇక్కడ హోదా పేరు కంటే చేసే పని ముఖ్యం. రోజంతా మీరు శాంపిళ్ళు తీసి పరీక్షలు చేస్తూ ఉంటే, బోర్డు మీద సూపర్‌వైజరని ఉన్నా, మీ పని సాంకేతిక పని అని వాదించొచ్చు. లాయరు ఖర్చు భయమైతే 15100 న్యాయ సహాయ నంబరుకు ఫోను చేయండి. ఉచిత న్యాయ సహాయానికి మహిళలు ఆదాయంతో పని లేకుండా అర్హులు.

జీతంలో కోతలు. ‘బ్లాకు రిజెక్టయింది, నీ జీతంలో పట్టుకుంటా’ అన్న బెదిరింపు ఇక్కడ మామూలే. వేతనాల కోడ్ ప్రకారం జరిమానా వేయాలంటే ఏ తప్పులకు వేస్తారో ముందే ప్రభుత్వ ఆమోదంతో నోటీసు పెట్టి ఉండాలి, మీ వివరణ అడగాలి, ఆ నెల వేతనంలో 3 శాతం మించకూడదు. నష్టం పేరుతో కోసినా వివరణ అడగకుండా కోయకూడదు. కోసిన నెల స్లిప్పు దాచుకోండి. క్లెయిముకు మూడేళ్ళ గడువు ఉంది.

వెళ్ళేటప్పుడు

గ్రాట్యుటీ లెక్క ఇది: ఆఖరి నెల వేతనం × 15 ÷ 26 × సర్వీసు ఏళ్ళు. మీ బేసిక్, డీఏ కలిపి 12,000 అనుకుంటే ఐదేళ్ళకు 34,615 రూపాయలు. రెండు నెలల ముందే వెళ్తే ఇది మొత్తం పేచీలో పడుతుంది. అందుకే తేదీ గుర్తు పెట్టమన్నాను. కాకపోతే నిద్ర పూర్తిగా చెడిపోయి, ఈఎస్ఐ సెలవు కూడా దొరక్కపోతే, ఈ డబ్బు కోసం ఆగమని నేను చెప్పను. తర్వాత వైద్యానికి అంతకంటే ఎక్కువే అవుతుంది.

రాజీనామా మెయిలులో పంపి, కాగితం మీద కూడా ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ‘అందినది’ అని సంతకం తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్ట్రేషనుతో స్పీడ్ పోస్టులో పంపండి. నోటీసు పీరియడు అపాయింట్‌మెంట్ లెటరులో ఎంత ఉంటే అంత. కారణం దగ్గర తిట్ల చరిత్ర అంతా రాయొద్దు; ముందే ఫిర్యాదు ఇచ్చి ఉంటే ‘ఫలానా తేదీన ఇచ్చిన ఫిర్యాదుకు పరిష్కారం రానందున’ అన్న ఒక్క వాక్యం చాలు. ఐదేళ్ళు నిండిన మర్నాటి తర్వాతే ఆఖరి పని దినం పడేలా చూసుకోండి, రాజీనామా ఇచ్చిన తేదీ కాదు లెక్క. మధ్యలో ‘రేపటి నుంచి రావద్దు’ అంటే ఆ మాట రాతలో అడగండి.

కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం రాజీనామా చేసినా సరే, జీతం బకాయిలు రెండు పని దినాల్లో ఇవ్వాలి. ‘వచ్చే నెల పదో తారీఖున రండి’ అంటే ఈ నిబంధన చూపించండి. గ్రాట్యుటీకి 30 రోజులు. ఏడాదిలో 30 రోజులైనా పని చేసి ఉంటే ఆ భాగానికి బోనసు అడగొచ్చు, కనీసం 8.33 శాతం. డబ్బు ఖాతాలో పడకుండా ‘మొత్తం ముట్టింది’ అన్న కాగితం మీద సంతకం పెట్టకండి, ఖాళీ కాగితం మీద అసలే వద్దు. పీఎఫ్ తీసేయకండి, కొత్త సంస్థకు బదిలీ చేసుకోండి; పెన్షనుకు పదేళ్ళ సర్వీసు కావాలి, ఐదేళ్ళు మధ్యలో తుంచుకుంటే మళ్ళీ మొదటి నుంచే. పాత సంస్థ నిష్క్రమణ తేదీ వేయకపోతే ఆఖరి చందా తర్వాత రెండు నెలలాగి పోర్టల్లో మీరే వేసుకోవచ్చు.

ఉద్యోగం వెతికేటప్పుడు ప్లాంట్లకే పరిమితం కావద్దు. అవశేషాల పరీక్షలు చేసే ల్యాబులు, హ్యాచరీలు, ఫీడు కంపెనీల టెక్నికల్ విభాగాలు మీ అనుభవాన్ని తీసుకుంటాయి. రిఫరెన్సుగా ఈ మేనేజరును కాకుండా పాత షిఫ్టు ఇన్‌చార్జిని గానీ, మీతో ఆడిట్లు చేసిన బయ్యరు తరఫు ఇన్‌స్పెక్టరును గానీ ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ‘ఎందుకు మానేస్తున్నారు’ అంటే ‘ఐదేళ్ళు ఒకే పని చేశాను, ల్యాబు వైపు రావాలని ఉంది’ అని ఆపేయండి. ఎంత న్యాయం మీ వైపున్నా పాత మేనేజరు గురించి మొదలుపెడితే అవతలివాళ్ళు మీ గురించి ఆలోచించడం మొదలుపెడతారు. మీరూ రెండు ప్రశ్నలు అడగండి: ఈ పోస్టులో ముందు ఎవరున్నారు, వాళ్ళు ఎందుకు వెళ్ళారు. జవాబు తడబడితే, షిఫ్టు మారే వేళకి వాళ్ళ గేటు ఎదురుగా టీకొట్టు దగ్గర పావుగంట నిలబడండి. మిగతాది అక్కడ తెలుస్తుంది.

అత్తగారికీ భర్తకూ ‘తిడుతున్నాడు’ అని కాకుండా ‘ఫలానా తేదీకి ఐదేళ్ళు నిండుతాయి, ఇంత వస్తుంది, ఈలోగా ఈ రెండుచోట్ల అడుగుతున్నాను’ అని చెప్పి చూడండి. వాళ్ళ భయం జీతం ఆగిపోతుందనే గానీ మీ బాధ మీద లెక్కలేక కాకపోవచ్చు.

కొత్త చోట మొదటి కొన్ని వారాలు ఫోను మోగితే ఉలిక్కిపడటం, ఎవరైనా పిలిస్తే ‘ఏం తప్పు చేశానో’ అనిపించడం ఉంటుంది. అది మెల్లగా తగ్గుతుంది. తగ్గకుండా నెలలు గడిస్తే మళ్ళీ డాక్టరుకు చూపించుకోవాలి.

మీ జీతం స్లిప్పులో బేసిక్, డీఏ ఎంతో, అపాయింట్‌మెంట్ లెటరులో చేరిన తేదీ, నోటీసు పీరియడు ఏం రాశారో కింద పెట్టండి. ప్లాంటు పేరు, మేనేజరు పేరు మాత్రం ఇక్కడ రాయకండి. ఆ నాలుగూ తెలిస్తే ఆఖరి పని దినం ఏ తేదీకి పెట్టుకోవాలో లెక్కగట్టి చెబుతాను.